పసుపు బొట్టు పడ్డ పెన్సిల్వేనియా నోటు

నోటు కింది మూలన ఉన్న బొట్టు సగం పసుపుగా, సగం ఎర్రగా ఉంది. ఆ రెండు రంగుల మధ్య సరిహద్దు స్కేలు పెట్టి గీసినంత తిన్నగా ఉంది. అది చూసిన క్షణంలోనే నాకు భయం వేసింది.

మరకలు చూడటం నా ఉద్యోగం. టీ మరకలు, సిరా మరకలు, గుండుసూది తుప్పు మరకలు, ఎవరి జేబులోనో ఎన్నేళ్ళో ఉండి అంటుకున్న చెమట మరకలు చూశాను. మరక కాగితంలోకి పాకుతుంది, పాకేటప్పుడు అంచు వంకరలు పోతుంది. ఇది అలా పాకలేదు. ఒక చోట ఆగి, అక్కణ్ణుంచి రంగు మార్చుకుంది.

కౌంటర్‌కి అవతల రఘురామ్ గారు, ఆయన భార్య హైమవతి గారు కూర్చుని ఉన్నారు. రిచ్‌మండ్ హిల్ నుంచి వచ్చారు. నా వెనక మా బాస్ డగ్లస్ నిలబడి ఉన్నాడు. ఆయన వంగి నా చెవి దగ్గర ఇంగ్లీషులో మెల్లగా అన్నాడు.

"వాళ్ళ భాషలో నువ్వే చెప్పు, శైలా. మసాలా వల్ల నోటు పాడైందని చెప్పు. నువ్వు చెబితే నమ్ముతారు."

అప్పటికింకా ఆయన నోటును చేతిలోకి కూడా తీసుకోలేదు. నా భయం రెట్టింపు అయింది అందుకే.

ఇది ఎవరి కోసం

నాకు ముప్పై ఆరేళ్ళు, ఇద్దరు చిన్న పిల్లలు. వృత్తి అనుభవాలు రాసుకునే వయసు కాదని తెలుసు. కానీ ఆ పని మానేశాను, మళ్ళీ అందులోకి వెళ్ళను. నా దృష్టిలో అది రిటైర్మెంటే. గ్వెల్ఫ్‌లో చదువుకుంటున్న ఒక తెలుగమ్మాయి ఈ మధ్య ఒక బర్త్‌డే పార్టీలో నా పక్కన కూర్చుని, "అక్కా, పాత నోట్లు చూసి జీతం తీసుకునే ఉద్యోగం నిజంగా ఉంటుందా? నేను అప్లై చేయొచ్చా?" అని అడిగింది. ఉంటుంది, చేయొచ్చు. కానీ ముందు ఇది చదవమని చెప్పడానికి, పిల్లలు పడుకున్నాక కూర్చుని రాస్తున్నాను.

నేను పుట్టింది గూడూరులో. కెమిస్ట్రీ చదివాను. పెళ్ళయ్యాక మా ఆయన కిరణ్‌తో కెనడా వచ్చి, మార్కమ్‌లో పాత నాణేలు, స్టాంపులు, నోట్లు కొని అమ్మే ఒక చిన్న సంస్థలో ప్యాకింగ్ పనికి చేరాను. చుట్టూ సాఫ్ట్‌వేర్ ఆఫీసులే. మధ్యలో మా ఒక్కళ్ళ కిటికీకే కమ్మీలు ఉండేవి. ఎలా ఎదిగాను, ఏ హోదా ఇచ్చారు అనేవి చెప్పను, చదివేవాళ్ళకి విసుగు. చివరికి నా బల్ల మీదికి వచ్చేవి ఒకే రకం వస్తువులు: అమెరికా దేశంగా ఏర్పడక ముందు, అక్కడి బ్రిటిష్ వలస కాలనీలు వేటికవి అచ్చు వేసుకున్న కాగితపు డబ్బు.

ఆ నోట్లు ఏమిటి

అప్పట్లో అక్కడ నాణేలకు ఎప్పుడూ కొరతే. ఇంగ్లండు నుంచి వెండి చాలినంత వచ్చేది కాదు, వచ్చింది సరుకు కొనడానికి తిరిగి ఇంగ్లండుకే పోయేది. అందుకని ఒక్కో కాలనీ తన సొంత నోట్లు వేసుకుంది. అరచేతిలో ఇమిడిపోయేంత చిన్నవి. ప్రతి దాని మీదా ముగ్గురు నలుగురు మనుషులు కూర్చుని సిరాతో సంతకాలు పెట్టేవారు. దొంగ నోటు చేస్తే మరణదండన అని నోటు మీదే అచ్చు వేసేవారు. అయినా దొంగ నోట్లు వచ్చాయి. ఆ మాటను కూడా అచ్చు గుద్దినట్టు దించిన దొంగ నోట్లు నేను చాలా చూశాను.

కొన్ని నోట్ల వెనక వైపు ఒక ఆకు బొమ్మ ఉంటుంది. గీసిన బొమ్మ కాదు. నిజమైన ఆకును తీసుకుని, దాని అచ్చు పోతపోసి, దాంతో ముద్రించింది. ఆకు ఈనెలు మొదట్లో లావుగా ఉండి, అంచుకి వెళ్ళేకొద్దీ సన్నబడి, ఎక్కడ అంతమయ్యాయో తెలియకుండా మాయమవుతాయి. మనిషి చేతికి అది రాదు. ఎంత గొప్ప చేయి అయినా ఎక్కడో ఒకచోట గీతను ఆపుతుంది. ఆ ఆపిన చోటు దొరికితే దొంగ దొరికినట్టే.

పెన్సిల్వేనియా వాళ్ళు ఇంకో ఉపాయం చేశారు. కాగితం తయారుచేసేటప్పుడే అందులో అభ్రకం పొడి కలిపారు. నోటును దీపం కింద ఏటవాలుగా వంచితే అక్కడక్కడ మెరుస్తుంది. మొదటిసారి డగ్లస్ అది చూపించి, "ఇదేమిటో తెలుసా" అని పరీక్ష పెట్టినట్టు అడిగాడు. మా ఊరి చుట్టుపక్కల అభ్రకం గనులు. చిన్నప్పుడు మా చెప్పులకి అంటుకుని ఇంట్లోకి వచ్చేది. తెలుసని చెప్పాను. ఆయన ముఖం కాస్త చిన్నబోయింది. ఆ తర్వాత నుంచి నాకు నేర్పడం మొదలుపెట్టాడు.

కెనడాలో ఇవి ఎందుకుంటాయని అందరూ అడుగుతారు. అక్కడ స్వాతంత్ర్య యుద్ధం వచ్చినప్పుడు ఇంగ్లండు రాజు పక్షాన నిలబడిన కుటుంబాలు ఉత్తరానికి వచ్చేశాయి. పెట్టెల్లో వాళ్ళతోపాటు ఈ నోట్లూ వచ్చాయి. దేనికీ చెల్లకపోయినా ఎవరూ పారేయలేదు. చెల్లని డబ్బును అంత జాగ్రత్తగా దాచుకున్న ఆ మనుషుల మీద నాకు ముందు నుంచీ ఇష్టం.

డగ్లస్ నేర్పినవి

ఆయన మంచి గురువు. తర్వాత జరిగినదాన్ని బట్టి ఈ మాట వెనక్కి తీసుకోను.

నోటును ముందు వెనక వైపు చూడమనేవాడు. మోసం చేసేవాళ్ళు ముందు వైపు మీద శ్రమ పెడతారు, వెనక వైపుకి వచ్చేసరికి అలిసిపోతారు. ప్లాస్టిక్ కవర్లో ఉండగా అభిప్రాయం చెప్పొద్దనేవాడు. కవరు మెరుపు కాగితం మెరుపును మింగేస్తుంది. నీకు బాగా నచ్చిన నోటును రెండుసార్లు అనుమానించమనేవాడు. తెచ్చిన మనిషి చెప్పే కథ వినమనేవాడు, కానీ ఆ కథ వింటున్నంతసేపూ నోటు బోర్లా పెట్టి ఉంచమనేవాడు.

ఆ చివరి మాట విలువ నాకు ఒక పెద్దాయన వల్ల తెలిసింది. ఆయన తన తాతగారి బైబిల్లో దొరికిందని ఒక నోటు తెచ్చాడు. గోధుమ రంగు, పెళుసు కాగితం, వేలితో తాకితే అప్పడంలా చప్పుడు. ఆ చప్పుడు వినగానే తెలిసిపోతుంది. పాత మ్యూజియం దుకాణాల్లో పిల్లలకి అమ్మిన నకలు అది. అసలు నోటు గుడ్డ పీలికలతో చేసిన కాగితం, రెండున్నర వందల ఏళ్ళ తర్వాత కూడా మెత్తగా, ఉతికి ఆరేసిన చీర చెంగులా ఉంటుంది. ఆయనకి ఆ మాట చెప్పాను. "అయితే మా తాత చిన్నప్పుడు మ్యూజియంకి వెళ్ళాడన్నమాట" అని ఆ నోటును మళ్ళీ బైబిల్లోనే పెట్టుకున్నాడు. నిజం చెబితే మనుషులు విరిగిపోతారని భయపడేదాన్ని. చాలామంది విరగరు. సగం నిజం చెబితేనే విరుగుతారు, అది ఆలస్యంగా తెలుస్తుంది కాబట్టి.

మనవాళ్ళ కేసు ఒకటి కూడా చెప్పాలి. మార్కమ్‌లోనే పనిచేసే ఒక హైదరాబాద్ కుర్రాడు న్యూజెర్సీ కాలనీ నోటు ఒకటి కొన్నాడు. అసలుదే, చక్కటిది. దాన్ని నా దగ్గరికి తెచ్చేసరికి లామినేషన్ చేయించి ఉంది.

"ఎందుకు చేయించావు నాయనా?"

"సేఫ్టీకి, అక్కా. మా డాడీ నా టెన్త్ మెమో నుంచి అన్నీ లామినేషనే చేయించారు. ఒక్కటి కూడా ఖరాబు కాలేదు."

నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. మా ఇంట్లో నా డిగ్రీ సర్టిఫికెట్ కూడా లామినేషన్లోనే ఉంది. వేడి ప్లాస్టిక్ కాగితం పోగుల్లోకి దిగాక ఇక తీయలేం. డగ్లస్ ఆ అబ్బాయి వెళ్ళిపోయాక చాలాసేపు నవ్వాడు. నేను నవ్వలేదు. ఆ పని నిర్లక్ష్యం వల్ల జరగలేదు. ఒక వస్తువు మీద ప్రేమ ఉన్నప్పుడు మనకి తెలిసిన పద్ధతిలోనే దాన్ని కాపాడతాం. ఈ వృత్తిలోకి వచ్చే మనవాళ్ళకి నేను చెప్పేది ఇదే: నోటు ఎవరు పాడుచేశారని అడిగే ముందు, వాళ్ళు దాన్ని ఎలా కాపాడాలనుకున్నారో అడగండి.

నాకు అన్నిటికంటే ఇష్టమైన నోటు మాత్రం ఒక చిరుగు నోటు. నిలువునా రెండు ముక్కలైతే, ఆ కాలంలోనే ఎవరో సూదీ దారంతో కుట్టారు. అప్పట్లో అది మామూలే. గుండుసూదులు కూడా పెట్టేవారు. నల్ల దారం, పెద్ద పెద్ద కుట్లు, దాచాలనే ఉద్దేశం ఏ కోశానా లేదు. చిరిగింది, కుట్టాను, తీసుకుంటే తీసుకో అన్నట్టు ఉంటుంది. అలాంటి నోటును ఎవరూ తక్కువగా చూడరు. కుట్టడం తప్పు కాదు. కుట్టలేదని చెప్పడమే తప్పు.

హైమవతి గారి బొట్టు

రఘురామ్ గారిది ఐటీ ఉద్యోగం, ప్రాణమంతా ఈ నోట్ల మీద. ఎవరింటి భోజనానికి వెళ్ళినా ఎవరో ఒకరిని పట్టుకుని కాలనీల చరిత్ర చెబుతారు, అన్నం చల్లారిపోయేదాకా. పెన్సిల్వేనియా ఆకు నోటు ఆయన చాలా ఏళ్ళు వెతికి, మా దగ్గరే కొన్నారు. మా చిన్నవాడు విహాన్ పుట్టి నేను ప్రసూతి సెలవులో ఉన్న ఏడాదిలో ఆ అమ్మకం జరిగింది కాబట్టి, ఆ నోటును నేను చూడటం అదే మొదటిసారి.

"కాస్త చూసి చెప్పమ్మా, ఈ మరక పోతుందా లేదా" అన్నారాయన. "దీపావళికి మా ఆవిడ దీనికి లక్ష్మీపూజ చేసింది. అభిషేకం ఒక్కటే తక్కువ."

"అభిషేకం చేయాల్సి వస్తే మీకే చేసేదాన్ని" అన్నారు హైమవతి గారు. "చన్నీళ్ళతో."

"కుంకుమ పెట్టొద్దని ఎన్నిసార్లు చెప్పాను?"

"కుంకుమ పెట్టలేదని నేనెన్నిసార్లు చెప్పాను? అది రాలుతుందనే పెట్టలా. ఉత్త పసుపే, చిటికెనవేలితో, మూల మీద. కొత్త కారుకి పెట్టలా? మీ లాప్‌టాప్‌కి పెట్టలా? అవేమన్నా ఎర్రబడ్డాయా?"

"మరి ఈ ఎరుపు ఆకాశం నుంచి ఊడిపడిందా?"

ఆయన నా వైపు తిరిగి నవ్వుతూ, "మా ఫ్రెండ్స్ అందరూ దీనికి పేరు కూడా పెట్టారమ్మా, హైమ గారి సంతకం అని" అన్నారు. సరదాగానే అన్నారు. అలా ఎన్ని ఇళ్ళలో అన్నారో ఆవిడ ముఖం చూస్తే తెలుస్తోంది. ఆయన ఫోన్ తీసి పాత ఫొటో కోసం వెతుకుతుంటే, ఆవిడ నా వైపు వంగి గొంతు తగ్గించి అన్నారు.

"దీపావళి నుంచీ దేవుడి దగ్గర పసుపు ముట్టుకోబోతే చేయి వెనక్కి పోతోందమ్మా. పెట్టింది పసుపేనా కాదా అని నాకే అనుమానం వస్తోంది."

అప్పుడు నేను నోటును కవర్లోంచి తీసి దీపం కింద పెట్టాను. బొట్టు సగం పసుపు, సగం ఎరుపు. మధ్యలో తిన్నని గీత. డగ్లస్ నా చెవిలో మాట్లాడింది అప్పుడే.

ఎరుపు ఎక్కడిదో నాకు అర్థమైంది. కెమిస్ట్రీ చదవకపోయినా అర్థమయ్యేది. పసుపులో సున్నం కలిస్తే ఏమవుతుందో తెలియని తెలుగు ఇల్లు ఉండదు. పాత నోటు కాగితంలో సున్నం జాతి పదార్థం సాధారణంగా ఉండదు. ఇప్పటి మంచి కాగితంలో ఉంటుంది. కాలక్రమేణా పెళుసు కాకుండా సుద్ద కలుపుతారు. అంటే ఆ గీతకి ఒక వైపు కాగితం వేరు, రెండో వైపు కాగితం వేరు.

నోటును ఏటవాలుగా వంచాను. ఒళ్ళంతా అభ్రకం మినుకుమంది. కింది కుడి మూల మాత్రం మెరవలేదు. తిప్పి ఆకును చూశాను. ఆ మూలలోకి వచ్చిన ఈనె సన్నబడలేదు, ఉన్న లావుతోనే వెళ్ళి ఆగిపోయింది. ఎవరో గొప్పగా గీశారు. గీశారు, అంతే.

"ఒక్క నిమిషం, అంకుల్" అని చెప్పి డగ్లస్‌ని వెనక గదిలోకి రమ్మన్నాను.

వెనక గది

"మూల కొత్తది" అన్నాను.

ఆయన కాదనలేదు. ఆ మేరకు ఆయన్ని గౌరవిస్తాను. "చాలా మంచి పని అది" అన్నాడు. "నీలాంటి దానికి తప్ప దొరకదు."

"నాకు దొరకలేదు. ఆవిడ పసుపుకి దొరికింది. అమ్మేటప్పుడు ఆయనకి చెప్పారా?"

"అడిగితే చెప్పేవాణ్ణి."

"అడగాలని ఆయనకెలా తెలుస్తుంది?"

"శైలా, మనం అమ్మినప్పుడు ఆ మరక లేదు. మరక వేసింది వాళ్ళు. నేను అబద్ధం ఆడమనడం లేదు. మసాలా మరక, తీయడం కుదరదు, అని చెప్పు. ఇందులో ఒక్క మాటైనా అబద్ధం ఉందా?"

లేదు. అదే భయంకరం. ఆయన చెప్పమన్న ప్రతి మాటా నిజమే. ఆ నిజాలన్నీ చెప్పేసి నేను కౌంటర్ దగ్గర చేతులు దులుపుకోవచ్చు. హైమవతి గారు మాత్రం చేయని పనిని జీవితాంతం మోస్తారు. అదీ నా నోటితో, నా తెలుగులో. నన్ను అక్కడ కూర్చోబెట్టింది అందుకే అని ఆ గదిలో అర్థమైంది. నా కళ్ళ మీద నమ్మకం ఆయనకి ముందు నుంచీ ఉంది. ఆ రోజు ఆయనకి కావలసింది నా కళ్ళు కాదు, నా భాష.

నేను ధైర్యస్తురాలిని కాదు. పాప కాస్త దగ్గితే నాలుగుసార్లు లేచి చూసే మనిషిని. కిరణ్ కాంట్రాక్టు ఆ నెలాఖరుకి అయిపోతోంది, పొడిగిస్తారో లేదో తెలియదు. ఇంటి అప్పు మార్ట్‌గేజ్ రెన్యూవల్ రాబోతోంది. ఆ గదిలో నిలబడి ఇవన్నీ తలచుకున్నాను. తలచుకోలేదని చెబితే నమ్మకండి. ఇలాంటి సందర్భం మీకూ వస్తుంది, వచ్చినప్పుడు ఇంటి ఖర్చులు గుర్తొస్తే సిగ్గుపడకండి. గుర్తు రానివ్వండి. ఆ తర్వాత బల్ల దగ్గరికి వెళ్ళి, నోటు ఏం చెబుతోందో అది చెప్పండి. భయం తగ్గాక చెబుదామని ఆగితే అది ఎప్పటికీ తగ్గదు.

"నేను మొత్తం చెబుతాను" అన్నాను.

"మొత్తం చెబితే ఆ బల్ల నీది కాదు" అన్నాడు డగ్లస్. గొంతు పెంచలేదు. బాధగానే అన్నాడనుకుంటాను.

కౌంటర్ దగ్గర

దీపాన్ని కౌంటర్ మీదికి తెచ్చి, భూతద్దం హైమవతి గారి చేతికి ఇచ్చాను.

"ఆంటీ, పసుపులో సున్నం కలిపితే ఏమవుతుంది?"

"పారాణి అవుతుంది. ఎందుకమ్మా?"

"ఈ మూల కాగితంలో సున్నం లాంటిది ఉంది. మిగతా నోటులో లేదు. మీరు పెట్టిన పసుపు మొత్తం ఒకటే. ఇటు పడింది పసుపుగా ఉంది, అటు పడింది పారాణి అయింది. మీరు కుంకుమ పెట్టలేదు."

ఆవిడ అద్దంలోంచి చాలాసేపు చూశారు. నోటును వంచి మెరుపు చూపించాను, మూల మెరవకపోవడం చూపించాను. రఘురామ్ గారు అద్దం లాక్కోబోతే ఆవిడ ఇవ్వలేదు.

"ఉండండి, నేను చూస్తున్నా."

తర్వాత అదే విషయం ఇంగ్లీషులో, డగ్లస్‌కి కూడా వినబడేలా చెప్పాను. మూల కొత్త కాగితంతో అతికించింది, అతుకు మేము అమ్మకముందే పడింది, మరక వల్లే అది బయటపడింది అని. రఘురామ్ గారు డగ్లస్ వైపు చూశారు. డగ్లస్ కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ, నోటు వెనక్కి తీసుకుంటానని అన్నాడు.

రఘురామ్ గారు నోటును కవర్లో పెట్టి ఆయన వైపు జరపబోయారు.

"ఇవ్వకండి" అన్నారు హైమవతి గారు.

"అదేంటి? అతుకుల నోటు మనకెందుకు?"

"ఇస్తే రేపు ఇంకొకళ్ళకి అమ్ముతాడు. వాళ్ళింట్లో పసుపు పెట్టేవాళ్ళు ఉండకపోవచ్చు."

ఆయన చేయి ఆగింది. "అయితే హైమా, అసలు టెస్ట్ చేసింది నువ్వేనన్నమాట" అన్నారు, కాస్త నవ్వే ప్రయత్నం చేస్తూ.

"ఇన్నాళ్ళూ ఇళ్ళిళ్ళూ తిరిగి అన్న మాటల సంగతేంటి?"

"కార్లో మాట్లాడుకుందాం."

"కార్లో కాదు. ఎక్కడెక్కడ అన్నారో అక్కడే మాట్లాడాలి."

ఆవిడ అప్పుడు మొదటిసారి నా వైపు చూసి నవ్వారు. అద్దం నా చేతిలో పెట్టి, ఆ నోటు మీద ఏముందో, ఏం లేదో ఒక కాగితం మీద రాసిమ్మన్నారు. సంస్థ చీటీ మీద రాయడానికి డగ్లస్ ఒప్పుకోలేదు. ఖాళీ కార్డు ఒకటి తీసుకుని నా సొంత పేరుతో రాశాను: పెన్సిల్వేనియా నోటు, అసలుది. కింది కుడి మూల కొత్త కాగితంతో అతికించినది, వెనక వైపు ఆ భాగంలో ఆకు చేత్తో గీసినది. అతుకు మీద పసుపు బొట్టు. అది పసుపు మాత్రమే.

ఆ బల్ల దగ్గర నేను రాసిన వాటిలో అదే మంచిది. నేను వాడే అద్దం డగ్లస్‌దే కాబట్టి అక్కడే పెట్టాను. కోటు వేసుకుని వచ్చేశాను. తర్వాత డగ్లస్‌కీ రఘురామ్ గారికీ మధ్య ఏం తేలిందో నాకు తెలియదు, అడగలేదు.

పనిలోకి వచ్చేవాళ్ళకి నా దగ్గర ఇంకో సలహా లేదు. చరిత్ర చదివితే వస్తుంది, చూపు అలవాటుతో వస్తుంది. మీ బాసు మీకు నేర్పిన పద్ధతి బాసు కంటే గొప్పదై ఉండొచ్చు. అలాంటప్పుడు పద్ధతినే పట్టుకోండి. నోటును కవర్లోంచి తీసి చూడాలని నాకు నేర్పింది డగ్లసే.

ఇంటికి వచ్చాక

ఆ సాయంత్రం ఇంట్లో అడుగుపెట్టేసరికి హాల్లో గోడ మీద నీలం మార్కర్‌తో పెద్ద ఆకు. కిరణ్ పిల్లలిద్దరినీ నిలబెట్టి విచారణ చేస్తున్నాడు. ఒకటో తరగతి చదివే అక్షర నోరు విప్పకుండా తమ్ముడి వైపు వేలు చూపించింది. ఇంకా మాటలు సరిగ్గా రాని విహాన్, ఏది అడిగినా గర్వంగా ఇంగ్లీషులో "మీ", అంటే నేనే, అనేవాడు, అప్పుడూ "మీ" అన్నాడు. వాడికి మార్కర్లు బంద్ అయ్యాయి. వాడు ఏడ్చి పడుకున్నాడు. నేను ఉద్యోగం విషయం కిరణ్‌కి చెప్పాలని తొందరలో ఉన్నాను, గోడ వైపు సరిగ్గా చూడలేదు. కిరణ్ అంతా విని, "ముందు అన్నం తిను" అన్నాడు. తర్వాత, "ఆవిడ నవ్విందా?" అని అడిగాడు. నవ్విందని చెప్పాను. "సరే అయితే" అన్నాడు.

పొద్దున గోడ ముందు నిలబడి చూశాను. ఆకు తొడిమె మొదలైన చోటు విహాన్ చేయి చాపినా అందనంత ఎత్తులో ఉంది. ఈనెలు మొదట్లో లావుగా, అంచుకి వెళ్ళేకొద్దీ సన్నగా ఉన్నాయి. ఈ ఇంట్లో అలా గీయడం నేను నేర్పింది ఒక్కళ్ళకే.

టిఫిన్ దగ్గర ఇద్దరికీ చెప్పాను, ఈ రోజు నుంచి కొన్నాళ్ళు నేనే మిమ్మల్ని దింపుతాను, నేనే తీసుకొస్తాను అని. అక్షర ఎందుకని అడిగింది. ఒక ఆంటీ చేయని తప్పును అందరూ ఆవిడ మీద వేశారని, ఆవిడ చేయలేదని నేను చెప్పానని, అలా చెప్పడం మా బాస్‌కి నచ్చలేదని చెప్పాను.

"ఆర్ యూ శాడ్?"

"కొంచెం భయంగా ఉంది. శాడ్‌గా లేదు."

అది దోశ ముక్కను ప్లేట్లో అటూ ఇటూ తోస్తూ చాలాసేపు కూర్చుంది. తల ఎత్తకుండానే అంది, "అమ్మా, ద లీఫ్ ఆన్ ద వాల్. ఇట్ వాజ్ నాట్ విహాన్."

"నాకు తెలుసు" అన్నాను. "ఆ మాట నాకు కాదు, ముందు తమ్ముడికి చెప్పు. వాడి మార్కర్లు వాడికివ్వు. తర్వాత తడి గుడ్డ తీసుకుని తుడువు, నేనూ వస్తాను. పూర్తిగా పోకపోతే పోనీ, కనబడనీ. పైన పెయింట్ మాత్రం వేయం."